ర్యాలి రాయి, ఆత్రేయపురం రేకు

గోదావరి పాయల్లో గౌతమి ఒకవైపు, వశిష్ఠ మరోవైపు, కింద సముద్రం. మ్యాపులో చూస్తే కోనసీమ అచ్చంగా దీవే. బస్సులో పోయేవాడికి మాత్రం వంతెన ఎక్కినప్పుడు తప్ప ఆ సంగతి తట్టదు. ఒక్కరోజు చేతిలో ఉంటే అంతర్వేది దాకా పరుగెత్తడం కంటే ఆత్రేయపురం మండలంలోనే తిరగడం మేలని నా అభిప్రాయం. లొల్ల లాకుల దగ్గర కాసేపు నిలబడితే, 1852లో ఇంజనీరు కాటన్ పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేలకు ఏం చేసిందో పుస్తకం తెరవకుండానే అర్థమవుతుంది. దారిలో రావులపాలెం చక్కెరకేళి నాలుగు కొనుక్కుంటే టిఫిను సంగతి కూడా తీరిపోతుంది.

అదే మండలంలోని ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడిలో విగ్రహాన్ని ముందునుంచి చూసి దణ్ణం పెట్టి వచ్చేస్తే సగం పనే చూసినట్టు. ముందువైపు నల్లరాతిలో శంఖచక్రాలతో విష్ణుమూర్తి, చుట్టూ మకరతోరణంలో దశావతారాలు. వెనక్కి వెళ్తే అదే శిలలో మోహిని. సిగ ముడి, నడుము వంపు, కాళ్ల నునుపు, అన్నీ ముందువైపు చూపిన శ్రద్ధతోనే చెక్కి ఉన్నాయి. మామూలుగా మూలవిరాట్టు వీపు ఎవరి కంటా పడదు, శిల్పి ఉలి కూడా అక్కడ పెద్దగా కష్టపడదు. ఇక్కడ ఆ వెలితి లేదు. ఒకవైపు పురుషుడి భుజాలు, మరోవైపు స్త్రీ వీపు, మధ్యన ఉన్నది ఒకే రాయి. ఎంత మందం ఎటువైపుకు పోవాలో మొదటి దెబ్బకు ముందే లెక్క తేలి ఉండాలి. స్వామి పాదాల దగ్గర ఊరే నీటి గురించి అందరూ చెబుతారు. నా మనసు మాత్రం ఆ వెనకవైపే ఉండిపోయింది.

ఇక ఆత్రేయపురంలో పూతరేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, ఆ పనికి గొప్పతనం కాగితంతో రాలేదు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి పాలలా పల్చగా కలుపుతారు. కుండను బోర్లించి లోపల ఎండు కొబ్బరాకుతో మంట పెడతారు. పల్చటి గుడ్డను ఆ పిండినీళ్లలో ముంచి, రెండు చేతులా పట్టి, కుండ వీపు మీద పరిచినట్టే పరిచి లాగేస్తారు. గుడ్డ దాటిన చోటల్లా పొర ఆరిపోయి ఉంటుంది. అంచు పట్టి ఎత్తితే రేకు. వేడి ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే కుండను వదలదు. చెయ్యి ఒక్క క్షణం ఆగినా, గుడ్డ నుంచి బొట్టు జారినా అక్కడ రేకు మందమవుతుంది. తీసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. థర్మామీటరు లేదు, గడియారం లేదు. కొబ్బరాకు భగ్గుమని మండి అంతలోనే చల్లారిపోతుంది కాబట్టి ఒక కన్ను ఎప్పుడూ మంటమీదే. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రేకు వెనక వేళ్లు కనిపిస్తాయి.

చుట్టడం వేరే విద్య. ఆరిన రేకు ముట్టుకుంటే పొడి అవుతుంది, తడి ఎక్కువైతే ముద్దవుతుంది. తడిగుడ్డ అలా తాకించి, మెత్తబడగానే నెయ్యి రాసి, బెల్లం కోరో పంచదార పొడో చల్లి మడతపెట్టాలి. పైమడత ఎంత పల్చనో లోపలిదీ అంతే, విప్పి చూసేవాడు ఎవరూ లేకపోయినా.

ఇప్పుడు జీడిపప్పు, బాదం దట్టించినవీ, చాక్లెట్‌వీ కూడా అమ్ముతున్నారు. ఖరీదెక్కువ, నా నాలుకకు రుచి తక్కువ. పంటికింద పప్పు పటపటలాడాక రేకు పల్చదనం ఎవరికి గుర్తుంటుంది? పనితనం తినాలనుకుంటే నెయ్యీ బెల్లంతో చుట్టిన మామూలువే అడగండి, వీలైతే అప్పటికప్పుడు చుట్టించుకోండి.