పూలెవరివి? దండెవరిది?

మా అత్తగారు పోయి నాలుగేళ్ళయింది. పోయిన నెలలో మంత్రాలయంలో, సత్రం వరండాలో, ఆవిడ పాట వినిపించింది.

కంగారు పడకండి. ఇదేమీ స్వామి మహిమల కథ కాదు. తెల్లవారుజామున తుంగభద్రలో మునిగి వచ్చి తడిచీర పిండుకుంటున్నాను. పక్కగది ముందు రాయచూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు సెల్‌ఫోను గోడకి ఆనించి, ముడి వేసుకుంటూ పాటలు వింటున్నారు. మొదటి రెండు పాటలూ క్యాసెట్ల రోజులనుంచీ తెలిసిన గొంతులే. మూడోది మొదలయ్యేసరికి నా చేతిలో చీర జారిపోయింది. పల్లవి ఎత్తుకునేముందు చిన్నగా దగ్గు. రెండో చరణంలో ఊపిరి చాలక ఒక మాట మింగేయడం. ముప్ఫయ్యేళ్ళు ఒకే వంటింట్లో మసలినదాన్ని, నాకు తెలియదూ?

ఫోను అడిగి చూశాను. "లేవగానే వినవలసిన 20 స్వామి పాటలు" అని పేరు. తెరమీద ఒక దీపం బొమ్మ, గంటన్నరసేపూ అదే వూగుతూ వుంటుంది. మధ్యలో ప్రెషర్ కుక్కరు ప్రకటన. ఎవరు పాడారో, ఎవరు కట్టిన పదమో, ఎక్కడినుంచి తెచ్చారో ఒక్క ముక్క లేదు.

"ఈమె ఎవరో గానీ మా అమ్మ పాడినట్టే వుంటుందమ్మా. దినామూ ఇదే పెట్టుకుంటాను" అన్నారావిడ.

మా అత్తగారేనండీ అని చెప్పబోయి, ఎందుకో ఆగిపోయాను.

ఆ పాటని ఏడేళ్ళ కిందట ఫోనులో పట్టి తన చానల్లో పెట్టింది మా మేనకోడలు. నాతోపాటే వచ్చి గదిలో నిద్రపోతోంది. లేపి చెబితే అగ్గిమీద గుగ్గిలమయింది. "అవ్వ గొంతు ఎత్తుకపోయి దుడ్లు చేసుకుంటాండారా!" అని ఒకటే వీరంగం. నాకు మటుకు నవ్వొచ్చింది. ఆరు నెలల కిందట ఇదే పిల్ల ఆదోనిలో మా యింటికి ఏడుపుమొహంతో వచ్చింది మరి. అప్పట్లో పాత సినిమాల్లోని హాస్య సన్నివేశాలు ఏరి, "కడుపుబ్బ నవ్వించే 15 సీన్లు" వంటి వీడియోలు కుట్టేది. కాస్త డబ్బు కూడా రావడం మొదలయింది. ఒక కంపెనీవాళ్ళు ఫిర్యాదు చేశారు, తరువాత ఇంకొకరు, పైన మరొకరు. తొంభై రోజుల్లో మూడు కాపీరైటు స్ట్రైకులు పడితే యూట్యూబులో చానల్ మూతపడుతుంది. రెండేళ్ళ కష్టం ఒక పూటలో మాయం. "నేనేం దొంగతనం చేసినానా అత్తా? లోకమంతా చేస్తాండేదే గదా!" అని ఆనాడు అన్న మాట ఈనాడు గుర్తు చేస్తే మూతి ముడుచుకుంది.

కథ వస్తే సమీక్ష రాస్తాం, సినిమా వస్తే సమీక్ష రాస్తాం. మా వీధిలో ఆడవాళ్ళు పప్పు రుబ్బుతూ, బట్టలు మడతపెడుతూ వినేవీ చూసేవీ మాత్రం ఈ అతుకుల వీడియోలే. వీటి మంచిచెడ్డలు ఎవరూ పట్టించుకోరేం? ఇంటికొచ్చాక పదిహేను రోజులు పనిగట్టుకుని చూశాను. మావారు "నీకేమన్నా పిచ్చా?" అన్నారు కూడా.

దేవుడి పాటల మాలికల్లో వరుసా వావీ వుండదు. మంగళహారతి పాడేశాక మేలుకొలుపు వస్తుంది. ఒక పాట గుసగుసలాడితే తరువాతిది చెవులు చిల్లులు పడేట్టు మోగుతుంది. వంటింటి చిట్కాలవి మరీ విడ్డూరం. "50 చిట్కాలు" అంటారు, జాగ్రత్తగా చూడండి, చేతులు మారిపోతూ వుంటాయి! ఒక చిట్కాకి గాజుల చేయి, ఇంకోదానికి బంగారు మురుగుల చేయి, మరోదానికి బోసి చేయి. ఆ యాభై చేతులూ ఎవరివి? వాటి వెనక నుంచి మాట్లాడే మగగొంతు మాత్రం ఒక్కటే.

అన్నిటికన్నా నాకు కష్టమనిపించింది హాస్యం కత్తిరింపులు. "మాయాబజార్" తీసుకోండి. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో దూరినప్పుడు సావిత్రి నడక చూసి ఎందుకు నవ్వుతాం? అంతకుముందు అసలు శశిరేఖ సిగ్గునూ, ఒదుగునూ చూసి వున్నాం గనక. ముందుది కోసేసి వెనకది చూపిస్తే, ఎవరో పిల్ల మగరాయుడిలా చేతులూపుతోందనే తప్ప సావిత్రి చేసిన ఘనత ఏం తెలుస్తుంది? అంత నటనా చిటికెడు వెక్కిరింతగా మిగులుతుంది. మా మేనకోడలు చేసిన పాపాల్లో చట్టం పట్టుకున్నదానికన్నా నేను పట్టుకున్నది ఇదీ.

ఒక్కటి మాత్రం నిజంగా బాగుంది. ఒకే పదాన్ని అయిదుగురు పాడినవి కొంచెం కొంచెం పక్కపక్కన పెట్టి, ఎవరు ఎక్కడ రాగం మార్చారో, ఎవరు ఏ మాటని ఎలా విరిచారో ఒకాయన చెప్పుకొచ్చారు. అయిదుగురి పేర్లూ చెప్పారు. అరగంట ఎలా గడిచిందో తెలియలేదు.

ఇక డబ్బు సంగతికి వద్దాం. ఇంట్లో కూర్చుని నాలుగు రాళ్ళు సంపాదించుకునే దారి కోసమే మా పిల్ల ఇందులో దిగింది, దాన్ని తప్పుపట్టను. అది నమ్మిన కబుర్లనే తప్పుపడతాను. ఏడు సెకన్లు మించకపోతే ఎవరూ అడగరట. బొమ్మని అద్దంలోలాగా తిప్పి పెడితే దొరకదట. "హక్కులు వారివే, మాకు దురుద్దేశం లేదు" అని కింద రాస్తే సరిపోతుందట. ఇవన్నీ నోటిమాటగా పాకిన వైద్యాలే. సెకన్ల లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. పక్కింటి కరివేపాకు కోసి, "చెట్టు వారిదే" అని గోడమీద రాస్తే వారు వూరుకుంటారా?

చట్టం 1957నాటిది. రాసినవారికీ, స్వరం కట్టినవారికీ వారు బతికినంతకాలం, ఆపైన అరవయ్యేళ్ళు హక్కు వుంటుంది. మొదట యాభయ్యేళ్ళే వుండేది. 1941లో పోయిన టాగూరు రచనలకు గడువు తీరిపోతోందని గోల పుడితే, 1992లో దాన్ని అరవైకి పెంచారు. సినిమాకీ, రికార్డుకీ విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి అరవయ్యేళ్ళు. ఆ లెక్కన 1957లో వచ్చిన "మాయాబజార్" సినిమాకి 2017తో గడువు తీరిపోయింది. "ఇంకేం, మనదే!" అని మా పిల్ల ఎగిరి గంతేసింది. ఆగవే అన్నాను. అందులో పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు. ఆయన మాటకి 2031 చివరిదాకా హక్కు వుంది. 2010లో వచ్చిన రంగుల ప్రతి సంగతి మళ్ళీ వేరే చూసుకోవాలి. ఒక్క పాటలో ఎన్ని పొరలో చూశారా! వుల్లిపాయ నయం.

అందుకే దాసుల పదాలు ఎవరి సొత్తూ కావు గదా అని రికార్డు ఎత్తేయడం కుదరదు. పురందరదాసు అయిదు వందల ఏళ్ళనాటివాడు, ఆయన పదం మీరూ పాడుకోవచ్చు, నేనూ పాడుకోవచ్చు. ఆ పదాన్ని ఎవరో పాడిన రికార్డు మాత్రం దాన్ని తీసినవారిది. పాడినవారికి ఇంకొక హక్కు, యాభయ్యేళ్ళు. పాడినవారే చిక్కుల్లో పడ్డ సందర్భమూ వుంది. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలసుబ్రహ్మణ్యంగారికి ఇళయరాజాగారి తరఫున నోటీసు వెళ్ళింది, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని. ఆ పాటల్లో ఎన్నో ఆయన గొంతుతోనే మనకు తెలుసు గదా, అందరమూ నోళ్ళు నొక్కుకున్నాం.

యూట్యూబువారి పద్ధతి ఇంకొంచెం విచిత్రం. 2007 నుంచీ వారిదగ్గర ఒక యంత్రపు చెవి వుంది. హక్కుదారు తన పాటని దానికి అప్పగిస్తే, ఎవరు ఎక్కడ వాడినా పోల్చుకుంటుంది. అప్పుడు హక్కుదారు ఆ వీడియోని ఆపించవచ్చు, లేదా దానిమీద వచ్చే ప్రకటనల డబ్బు తనే పుచ్చుకోవచ్చు. కుట్టినవారికి కుట్టుకూలి కూడా దక్కదన్నమాట! ఇది పేరున్న కంపెనీలకి బాగానే వుంది. ఏ చెవికీ అప్పగించని మా అత్తగారి వంటివారి గొంతుకి కాపలా ఎవరు?

చాలామందికి తెలియని ముక్క ఇంకొకటి. వెయ్యిమంది చందాదారులూ, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణా సంపాదిస్తే ప్రకటనల్లో వాటా అడగవచ్చు, నిజమే. అయితే అందరి అనుమతులూ తెచ్చుకున్నా, వున్నదాన్ని వున్నట్టే అతికించి పెడితే "ఇందులో మీదంటూ ఏముంది?" అని వాటా ఇవ్వకపోవచ్చు. మన సుప్రీంకోర్టు కూడా 2007 డిసెంబరులో, తీర్పులు అచ్చువేసే ఒక ప్రచురణ సంస్థ దావాలో ఇటువంటి మాటే అంది. సంకలనానికి వట్టి చాకిరీ చాలదు, కాస్తయినా నేర్పూ, విచక్షణా కనబడాలని. నేను పదిహేను రోజులు కళ్ళు కాయలు కాచేట్టు చూసి తేల్చుకున్నది కోర్టువారు ముందే తేల్చేశారు.

ఏరి కూర్చడం తప్పని నేననను. వారపత్రికల్లో సీరియల్సు చింపి బైండు చేయించుకున్న తరం మాది. పెళ్ళిపాటల నోటుపుస్తకం లేని ఇల్లుండేదా? అది సొంతానికి, దానికి చట్టమూ అడ్డు చెప్పదు. మన సాహిత్యంలో ఈ పని ఎంత గొప్పగా జరిగిందో చూడండి. పదిహేనో శతాబ్దంలో మడికి సింగన "సకలనీతి సమ్మతము" కూర్చాడు. పాత నీతిగ్రంథాలనుంచి పద్యాలు ఏరి, ఏది ఎందులోదో చెప్పి మరీ పెట్టాడు. "ముద్రామాత్యము" అనే పుస్తకం మనకు దొరకనే లేదు. సింగన ఏరిన పద్యాలవల్లనే అది ఒకటి వుండేదని, ఎలా వుండేదని తెలిసింది. పేరు చెప్పకుండా కలిపేసుకుని వుంటే? 1935లో ముద్దుకృష్ణ "వైతాళికులు" వేస్తే, కొత్త కవులందరూ ఒక్కచోట కనబడి తెలుగువారికి కొత్త కవిత్వం అంటే ఏమిటో తెలిసింది. అందులో ముద్దుకృష్ణ ఎంపికే ఒక విమర్శ.

అసలు మంత్రాలయంలో నిలబడి ఈ సంగతి మాట్లాడుకోకపోవడమే చిత్రం. అక్కడ ప్రసాదం పొట్లం మీద "పరిమళ" అన్న మాట చూసి అది సువాసన గురించేననుకుంటాం. "పరిమళ" రాఘవేంద్రస్వామి రాసిన వ్యాఖ్యానం పేరు. వ్యాసుడి బ్రహ్మసూత్రాలకి మధ్వాచార్యుల అనువ్యాఖ్యానం, దానికి జయతీర్థుల న్యాయసుధ, దానికి స్వామివారి పరిమళ. మెట్టుమీద మెట్టు. పైమెట్టు ఎక్కినవారెవరూ కిందిమెట్టుని చెరపలేదు, ఎవరి మాట ఎవరిదో విడిగా తెలుస్తూనే వుంది. పరమతం సంగతి పక్కన పెట్టండి, పరుల మాట తీసుకుని తన మాట కలిపే తీరు కావాలంటే అంతకన్నా మంచి పాఠం వుందా? ఇవాళ చట్టంకూడా విమర్శకీ, సమీక్షకీ ఇతరుల రచనలోంచి తగుమాత్రం తీసుకోనిస్తుంది.

మా మేనకోడలికి ఇదంతా ఉపన్యాసంలా చెప్పాననుకోకండి, అది వినే రకం కాదు. తనే ఏదో ఆలోచించుకుని కొత్త చానల్ మొదలెట్టింది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వారి పాటలు తనే పట్టి, కాగితం మీద ఒప్పుకోలు తీసుకుని, ఊరూ పేరూ వేసి పెడుతోంది. మొదటిది చూశాను. మాట్లాడుతుంటే వెనక వీణ వాయించడం ఎందుకే అంటే, "వుండాల అత్తా, లేకుంటే బోరు" అంది. అరగంట కోసేయవచ్చు కూడా. డబ్బు? నెలకి సెల్‌ఫోను ఖర్చుకి వస్తే గొప్ప.

అత్తగారి పాట సంగతి మిగిలింది. అది ఫిర్యాదు పెట్టి మొత్తం తీయించేస్తానంది. తీయించే హక్కు దానికుంది. నాకు మాత్రం రాయచూరు పెద్దావిడ గోడకానించిన ఫోను కళ్ళముందు మెదిలింది. పాడినవారు తమ పేరు చెప్పమని అడిగే హక్కు 2012లో చట్టంలోకి వచ్చింది గదా, ముందు అదే అడుగు అన్నాను. గొణుక్కుంటూ ఉత్తరం రాసింది. ఆయనెవరో మర్యాదస్తుడే. నాకూ ఇంకెవరిదో వీడియోలో దొరికింది, మీదని తెలియదు, ఏ పేరు వేయమంటారో రాయండి అని రెండో రోజే జవాబిచ్చాడు.

ఏ పేరు! రేషను కార్డులో తప్ప ఆవిడ పేరు అచ్చులో చూసినట్టు గుర్తులేదు. అక్కడా తప్పుగానే పడింది. ఊళ్ళో అందరికీ "మాస్టారి భార్య", మాకు "అమ్మ", మనవలకి "అవ్వ". పాట నేర్చింది పుట్టింట్లో కనక ఆ ఇంటిపేరే వేయాలని మా పెద్ద ఆడపడుచు. నలభయ్యారేళ్ళు కాపురం చేసిన ఇంటిపేరు కాక ఇంకేదేమిటని మా చిన్న ఆడపడుచు. మూడు రోజులుగా ఫోన్లు నడుస్తున్నాయి. జవాబు ఇంకా రాయలేదు.