కప్పులోకి దిగకూడనిది

ఎస్ప్రెసో యంత్రం పైమూత తీస్తే రాగి గొట్టాలు, ఇత్తడి ఫిట్టింగులు, మధ్యలో బాయిలర్ కనిపిస్తాయి. ఆవిరి బాయిలర్‌లో నీరు 120 డిగ్రీల సెల్సియస్ ఆ చుట్టుపక్కల, ఒకటి నుంచి ఒకటిన్నర బార్ ఒత్తిడిలో ఉంటుంది. కాఫీపొడి గుండా నీటిని నెట్టేచోట ఒత్తిడి 9 బార్ దాకా వెళ్తుంది. ఇంత వేడినీ, ఇంత ఒత్తిడినీ కట్టిపడేసేవి ఫిట్టింగుల మీది కాసిని మరచుట్లు. వాటి సందుల్లో మెకానిక్ ఏది చుట్టినా, ఏది పూసినా దాన్ని తాకిన నీరే కప్పులోకి వస్తుంది. అందుకే ఈ పనిలో లీకు ఆగిందా లేదా అన్నది సగం ప్రశ్న. ఆపిన పదార్థం తాగే నీటిలో, అంత వేడిలో ఉండదగినదేనా అన్నది మిగతా సగం.

మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా 1901లో తన కాఫీ యంత్రానికి పేటెంట్ తీసుకునే నాటికి, ఆవిరి గొట్టాలు బిగించే పనివాళ్లకు నార, నూనె ముద్దే ఆధారం. మర మీద నారపీచు చుట్టి, అవిసెనూనెతో కలిపిన ముద్ద పూసేవారు. సీసం కలిసిన తెల్లముద్ద, ఎర్రముద్ద కూడా వాడేవారు. మన ప్లంబర్లు దారం చుట్టి సఫేదా పూసినది కూడా ఇదే కోవలో. తడికి నార ఉబ్బి సందు మూసుకుపోతుంది కాబట్టి పనితనంగా చూస్తే అది తెలివైన పద్ధతే. కానీ సీసం విషం. అవిసెనూనె ముద్దేమో సూక్ష్మజీవులకు మేత. తాగునీటి గొట్టాలకు అలాంటి ముద్ద వాడకూడదని బ్రిటన్ నిబంధనలు చెబుతున్నది అందుకే. పైగా అకిలె గాజ్జా లీవరు యంత్రం 1948లో వచ్చాక కాఫీ తీసే ఒత్తిడి అనేక రెట్లు పెరిగింది. పాత ముద్దల కాలం అక్కడితో తీరిపోవలసిందే.

చేయి తిరిగిన మెకానిక్ సీలెంట్ డబ్బా తెరవడానికి ముందు ఒక సంగతి తేల్చుకుంటాడు: ఈ జాయింటులో నీటిని ఆపవలసినది ఏది? ఈ యంత్రాల్లో ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ పైపు థ్రెడ్. అందులో రెండు రకాలు. సమాంతర థ్రెడ్ రెండు భాగాలను దగ్గరికి లాగి పట్టుకుంటుంది, అంతే. నీటిని ఆపేది దాని మొదట్లో కూర్చున్న రాగి వాషరో, గొట్టం కొసన ఉన్న శంకువు ఆకారపు అంచో. అక్కడ టేపు చుడితే లాభం లేదు సరికదా, అంచు సరిగా కూర్చోకుండా అడ్డుపడవచ్చు. కొత్త వాషర్ వేయాలి, లేదా పాత రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి చల్లార్చి, మెత్తబడ్డాక వాడాలి. రెండోది కొసకు సన్నబడే టేపర్ థ్రెడ్. ఇక్కడ మరే నీటిని ఆపాలి కాబట్టి సీలెంట్ కావాలి. అమెరికన్ ఫిట్టింగు విషయంలో మరీ జాగ్రత్త. పావు అంగుళం సైజులో అంగుళానికి దానికి 18 చుట్లు, బ్రిటిష్ దానికి 19. కోణాలూ వేరు. ఒకటి రెండు చుట్లు ఎక్కినంత మాత్రాన అవి జత కావు, ఆ తేడాను ఏ ముద్దా పూడ్చలేదు.

సీలెంట్ కావలసినచోట మొదటి ఎంపిక టెఫ్లాన్ టేపు. దీని అసలు పదార్థం పీటీఎఫ్‌ఈని 1938లో డ్యూపాంట్ రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టాడు. అది దాదాపు దేనితోనూ కలవదు, 260 డిగ్రీల దాకా చెక్కుచెదరదు. అయితే పదార్థం మంచిదైనా చుట్టే చేయి తప్పితే చేటే. మర కొస మన వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టాలి, అప్పుడే బిగిస్తుంటే టేపు ఊడకుండా ఇంకా బిగుసుకుంటుంది. మొదటి చుట్టు ఖాళీగా వదిలి, పల్చటి టేపయితే రెండు మూడు వరసలు లాగి చుట్టి, గోటితో మర గాడుల్లోకి నొక్కాలి. బిగించాక సరిచేద్దామని పానాతో వెనక్కి తిప్పితే సీలు పోయినట్టే. విప్పి, శుభ్రం చేసి, మళ్లీ చుట్టాల్సిందే. లోపలికి జారిన టేపు ముక్క గొట్టం వెంట పోయి, మిల్లీమీటరు కన్నా సన్నని జెట్‌లోనో, సోలనాయిడ్ వాల్వులోనో ఇరుక్కుంటుంది.

రెండో మార్గం అనరోబిక్ సీలెంట్. సీసాలో గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగానే ఉండి, గాలి అందని మర సందులో లోహం తగలగానే గట్టిపడుతుంది. ఇత్తడి మీద త్వరగా, స్టెయిన్‌లెస్ స్టీలు మీద నిదానంగా. చాలా రకాలు 150 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. యంత్రం అదురుకు ఊడదు, తునకలు రాలవు. కానీ సందు దాటి లోపలికి కారినది గట్టిపడకుండా ద్రవంగానే మిగిలిపోతుంది. కాబట్టి కొసచుట్టు వదిలి పల్చగా పూయాలి, తయారీదారు చెప్పినంతసేపు ఆరనివ్వాలి, ఆపైన బాయిలర్‌ను నింపి, కాచి, ఆ నీళ్లు పారబోయాలి. ప్లాస్టిక్ ఫిట్టింగులకు మాత్రం ఇది పనికిరాదు, పగుళ్లు తెస్తుంది.

డబ్బా మీది ముద్రను కూడా పూర్తిగా చదవాలి. తాగునీటి భాగాలకు ఎన్‌ఎస్‌ఎఫ్ 61 అనే ప్రమాణం ఉంది. అందులో చల్లని నీటికి 23 డిగ్రీల దగ్గర, వేడినీటికి 60 లేదా 82 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. చన్నీళ్లకు పాసైన ముద్ద బాయిలర్‌కు కూడా పాసైనట్టు కాదు. టేపు రంగు చూసి నిర్ణయించడమూ చాలదు, రంగుల అర్థం దేశానికొక తీరు. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు రబ్బరు రింగులను కాపాడుతుందే గానీ థ్రెడ్ లీకును ఆపదు. గ్యాసు గొట్టాల ముద్ద, బండి ఇంజిన్ గాస్కెట్ గమ్ము ఈ యంత్రాలు బాగుచేసే బల్ల దరిదాపుల్లో ఉండకూడదు.

బోరునీటి ఊళ్లలో మరో చిక్కు. నీటిలోని సున్నం పేరుకుని సన్నని లీకులను తానే మూసేస్తుంది. యాసిడ్ పోసి ఆ సున్నం కరిగించగానే అన్నాళ్లూ దాగిన లీకు బయటపడుతుంది. తప్పు యాసిడ్‌ది కాదు, ఏనాడో సరిగా కుదరని జాయింటుది. పైపైన పూత పూయకుండా దాన్ని విప్పి మళ్లీ చేయడమే మందు.

అరకు లోయ గిరిజన రైతులు పండించిన అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజ పండించినవారి శ్రద్ధ, వేయించినవారి శ్రద్ధ చివరికి ఈ ఇత్తడి మరల గుండానే మనకు అందుతాయి. అందుకే రిపేరు బిల్లులో మార్చిన భాగాల పక్కనే వాడిన సీలెంట్ పేరు, అది తట్టుకునే వేడి కూడా రాయడం మన మెకానిక్‌లు అలవాటు చేసుకోవాలి, రాయమని కాఫీ హోటళ్లవాళ్లు అడగాలి. ఒక్క వరస రాతే అయినా, రేపు అదే యంత్రం విప్పే మరొకరికి అది దారి చూపుతుంది, తాగేవారికి భరోసా ఇస్తుంది.