గాత్రపఠనం: వినేవారిని అడగవలసిన ప్రశ్న

కథ రాసినవారికి విమర్శ దొరికే దారులు తెలుగులో కొన్నయినా ఉన్నాయి. సంపాదకుడు తిప్పి పంపుతాడు, సమీక్షకుడు లోపాలు చూపిస్తాడు, తోటి రచయిత పెదవి విరుస్తాడు. అదే కథను చదివి రికార్డు చేసినవారికి ఆ అవకాశం దాదాపు లేదు. అమెరికాలోనూ, గల్ఫ్ దేశాలలోనూ, బ్రిటన్‌లోనూ స్థిరపడిన తెలుగువారు కొందరు ఇప్పుడు కథలనూ కవితలనూ చదివి వినిపిస్తున్నారు. సాంస్కృతిక సంఘాల వీడియోలకూ, చిన్న డాక్యుమెంటరీలకూ వాయిస్ ఓవర్ చెబుతున్నారు. మంచి మైకు కొనుక్కుని, గది ప్రతిధ్వనించకుండా బట్టల అలమరలో కూర్చుని, ఇల్లంతా నిద్రపోయాక రికార్డు చేసేవారున్నారు. ఇంత శ్రమకు బదులుగా వారికి ఎక్కువగా అందేది ఒకటే మాట: “చాలా బాగుంది.”

ఆ మాట అబద్ధం కానక్కరలేదు. కాని తర్వాతి రికార్డింగులో ఏది మార్చుకోవాలో దానివల్ల తెలియదు. దీనికి కారణం వినేవారి మొహమాటమేనని సాధారణంగా అనుకుంటారు. మొహమాటం ఒక కారణం మాత్రమే. మిగతా కారణాలు మనిషి వినే తీరులోనే ఉన్నాయి. వాటిని గమనిస్తే, నిజాయితీగల అభిప్రాయం వినేవారి ధైర్యం మీదకన్నా వారిని అడిగే ప్రశ్న మీద ఎక్కువగా ఆధారపడుతుందని తేలుతుంది.

సొంత గొంతు, సొంత చెవి

మాట్లాడేవారికి తమ గొంతు రెండు దారుల్లో వినిపిస్తుంది. ఒకటి గాలి ద్వారా చెవిలోకి వచ్చేది. రెండవది పుర్రె ఎముకల ద్వారా నేరుగా లోపలి చెవికి చేరేది. శ్రవణ శాస్త్రంలో చేసిన కృషికి 1961లో నోబెల్ బహుమతి పొందిన గేయోర్గ్ ఫాన్ బేకేషీ, ఈ రెండు దారుల్లో వచ్చే శబ్దమూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుందని 1949లో చూపించాడు. ఎముక ద్వారా వచ్చే శబ్దం గొంతుకు కొంత నిండుదనాన్ని ఇస్తుంది. రికార్డింగులో ఆ భాగం ఉండదు. అందుకే తన గొంతు తనకే పలచగా, పరాయిదిగా వినిపిస్తుంది. 1966లో హోల్జ్‌మన్, రౌసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ అనుభవాన్ని పరిశీలించి, ఆ ఇబ్బంది శబ్దంలోని తేడా వల్ల మాత్రమే కలిగేది కాదనీ, తాను దాచుకున్నాననుకున్న భావాలు గొంతులో బయటపడడం కూడా మనిషిని కలవరపెడుతుందనీ వాదించారు.

ఈ ఇబ్బందిని తీర్పుగా పొరబడడం కొత్తగా చదివేవారు చేసే మొదటి తప్పు. గొంతు పలచగా ఉందనుకుని, బలవంతంగా కిందికి దించి, వార్తలు చదివే బరువుతో కథ చదువుతారు. అలా చదివినప్పుడు గొంతు త్వరగా అలసిపోతుంది, పాత్రల మధ్య తేడా చూపించడానికి చోటు మిగలదు. వినేవారికి మొదటినుంచీ తెలిసినది ఆ ‘పలచని’ గొంతే. దానితో వారికి ఏ పేచీ లేదు.

పదిసార్లు విన్నాక ఈ పరాయితనం పోతుంది. అప్పుడు రెండవ చిక్కు మొదలవుతుంది. చదివినవారికి కథ కంఠతా వచ్చేసి ఉంటుంది. రిచర్డ్ వారెన్ 1970లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, రికార్డు చేసిన వాక్యంలోని ఒక ధ్వనిని తీసేసి ఆ స్థానంలో దగ్గును పెట్టాడు. విన్నవారిలో దాదాపు ఎవరికీ ఏ ధ్వనీ పోయినట్టు అనిపించలేదు. దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా వారు చెప్పలేకపోయారు. సందర్భాన్ని బట్టి మెదడు లేని ధ్వనిని పూరించుకుంటుంది. ముక్కూ మొహం తెలియని వాక్యంలోనే ఇలా జరిగితే, కంఠతా వచ్చిన కథలో మింగేసిన అక్షరం చదివినవారికి వినబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ కథను ముందే చదివిన భార్యకో, భర్తకో, స్నేహితుడికో కూడా అది వినబడదు.

వాక్యం చివర పోయే అర్థం

తెలుగు చదివేవారికి ఇది ప్రత్యేకమైన ప్రమాదం. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యాంతంలో వస్తుంది. కాలం, పురుష, లింగం, వచనం, అవునా కాదా అన్న తేడా అన్నీ ఆ క్రియ చివరి అక్షరాల్లోనే ఉంటాయి. ‘చెప్పాడు’, ‘చెప్పారు’, ‘చెప్పడు’, ‘చెప్పలేదు’ అన్నవి మొదట ఒకే తీరున మొదలై చివర విడిపోతాయి. ఇంగ్లీషు వాక్యంలో కర్తా, నిషేధమూ చాలావరకు ముందే తెలిసిపోతాయి కనుక చివర కాస్త తగ్గినా అర్థం నిలుస్తుంది. తెలుగు వాక్యంలో చదివేవారి ఊపిరి అయిపోయే చోటా, అర్థం తేలే చోటా ఒకటే. పగలంతా ఇంగ్లీషులో మాట్లాడి రాత్రి తెలుగు కథ చదివేవారు వాక్యం చివర గొంతు దించేస్తే, పోయేది అందం కాదు, అర్థం.

హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ అలాంటివే. ‘గడి’కీ ‘గడ్డి’కీ, ‘కల’కీ ‘కల్ల’కీ నడుమ ఉన్నది ఒక హల్లును పట్టి ఉంచే క్షణకాలం. వేగంగా చదివేటప్పుడు మొదట అరిగిపోయేది ఆ క్షణమే. ఈ లోపాలను కథ తెలియని చెవి మాత్రమే పట్టుకోగలదు. అందువల్ల మొదటి శ్రోతగా ఉండవలసినవారు సాహిత్యం బాగా తెలిసినవారే కానక్కరలేదు. ఆ కథ తెలియనివారై ఉండాలి.

మొహమాటం, దాని అన్నదమ్ములు

చెడ్డ కబురు చెప్పడానికి మనుషులు వెనకాడతారన్నది అందరికీ తెలిసినదే. రోజెన్, టెస్సర్ అనే పరిశోధకులు 1970లో దీన్ని ప్రయోగాల ద్వారా చూపించారు. విదేశాలలోని తెలుగు బృందాలలో దీనికి మరో కారణం తోడవుతుంది. ఊళ్ళో తెలుగు కుటుంబాలు కొన్నే. ఉగాది కార్యక్రమంలో చదివినవారే వచ్చే వారం పుట్టినరోజు విందులో ఎదురవుతారు. రచనను విమర్శిస్తే కాగితాన్ని విమర్శించినట్టు ఉంటుంది. గొంతును విమర్శిస్తే మనిషిని విమర్శించినట్టే ఉంటుంది.

మొహమాటానికి అన్నలాంటిది మరొకటుంది: నిష్కర్ష పేరుతో చేసే అధికార ప్రదర్శన. “మీ ఉచ్చారణ శుద్ధంగా లేదు” అన్న మాట నిజాయితీగా చెప్పినదే కావచ్చు, కాని సరైనదే అని చెప్పలేం. చాలాసార్లు ఆ ‘శుద్ధి’కి అర్థం, చదివినవారి పలుకుబడి కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాటలా లేదని మాత్రమే. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి ‘మిట్టూరోడి కతలు’ను ప్రతి అక్షరమూ తూచినట్టు, వార్తల ధోరణిలో చదివితే ఒక్క ఒత్తు కూడా తప్పు పోకపోవచ్చు, కాని చిత్తూరు జిల్లా పలుకు మొత్తంగా పోతుంది.

లిపి కూడా అన్ని వేళలా న్యాయనిర్ణేత కాలేదు. ‘చాలు’, ‘చుక్క’లలోని చకారమూ, ‘చిలుక’, ‘చెట్టు’లలోని చకారమూ ఒకటి కావు, వ్యాకరణాలు వీటిని దంత్య, తాలవ్యాలుగా వేరుచేశాయి. నేటి అచ్చులో రెండింటికీ ఒకే అక్షరం. కోస్తా మాటలో ‘వచ్చాడు’ అన్నప్పుడు రెండవ అచ్చు ‘ఆ’కీ ‘ఏ’కీ నడుమ పలుకుతుంది; దానికి విడిగా అక్షరమే లేదు. అక్షరాన్ని పట్టుకుని వేలాడే విమర్శ ఇలాంటి చోట్ల సరైన పలుకునే తప్పు పడుతుంది. కొలమానం కథలో ఉండాలి: ఈ పాత్ర ఏ ఊరిది, ఎవరితో మాట్లాడుతోంది, ఈ పలుకు దానికి సరిపోయిందా?

‘దిద్దుబాటు’ను ఎలా చదవాలి?

గురజాడ 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ను ఉదాహరణగా తీసుకోవచ్చు. చిన్న కథ, హక్కుల చిక్కు లేనిది కనుక గాత్రపఠనానికి చాలామంది ఎంచుకునేది. రాత్రి ఆలస్యంగా ఇంటికి వచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు. ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనబడుతుంది. ఆమె ఇల్లు విడిచి వెళ్ళలేదని పాఠకుడికి చివర్లోగాని తెలియదు.

ఆ ఉత్తరాన్ని ఎవరి గొంతుతో చదవాలి? రాసినది కమలిని కనుక ఆమె గొంతులో, కాస్త కొంటెతనంతో చదవాలన్న కోరిక సహజం. అలా చదివితే కథ అక్కడే అయిపోతుంది, ముగింపులోని నవ్వుకు పని మిగలదు. ఆ క్షణాన ఉత్తరాన్ని చదువుతున్నది గోపాలరావు; శ్రోతకు వినబడవలసింది అతని కంగారు. విషాద సంగీతం జోడించి, ఏడుపు గొంతుతో చదివితే మరో రకంగా చెడుతుంది: గురజాడ వ్యంగ్యం కన్నీటి కథగా మారుతుంది. నౌకరు రాముడి మాటకూ యజమాని మాటకూ ఉన్న తేడాను చెరిపేసినా, రాముణ్ణి సినిమా హాస్యగాడిలా చేసినా కథలోని సామాజిక చిత్రం పోతుంది.

ఉత్తరం రహస్యాన్ని గొంతు ముందే బయటపెట్టిందా లేదా అన్నది ‘దిద్దుబాటు’ చదివిన ఏ సాహిత్యాభిమానీ చెప్పలేడు. ఆయనకు ముగింపు ముందే తెలుసు. హ్యూస్టన్‌లోనో దుబాయ్‌లోనో పెరిగి, తెలుగు విని అర్థం చేసుకోగలిగి, లిపి చదవలేని పదిహేనేళ్ళ పిల్లవాడు చెప్పగలడు. ఉత్తరం ముగిసిన చోట రికార్డింగు ఆపి, “ఇప్పుడు కమలిని ఎక్కడుంది?” అని అడిగితే చాలు. వాడి జవాబులో మెప్పుకోలూ నొప్పించడమూ ఉండవు. పఠనం ఏం చేసిందో అది మాత్రమే ఉంటుంది.

ఎలా ఉంది అని కాదు, ఏం వినబడింది అని

వైద్యంలో “ఒంట్లో ఎలా ఉంది?” అన్న ప్రశ్నకు వచ్చే “బాగానే ఉంది” అన్న జవాబుతో ఎవరూ రోగ నిర్ణయం చెయ్యరు. ఎక్కడ నొప్పి, ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే ఎక్కువవుతుంది అని అడుగుతారు. నొప్పి ఎక్కడుందో చెప్పడంలో రోగిదే చివరి మాట. ఎందుకుందో చెప్పడం అతని పని కాదు. శ్రోత విషయమూ ఇంతే. “ఇక్కడ నా మనసు వేరే చోటికి పోయింది” అన్నది కొట్టిపారేయలేని సమాచారం. “కాబట్టి ఇంకా వేగంగా చదవాలి” అన్నది ఆయన ఊహ. అసలు కారణం అతివేగమే కావచ్చు.

క్లూగర్, డెనిసీ 1996లో ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన పరిశోధనలను సమీక్షించి, సగటున అది పనిని మెరుగుపరచినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో పని మునుపటికన్నా దిగజారిందని చూపించారు. దృష్టి చేసే పని మీదనుంచి చేసే మనిషి మీదికి మళ్ళేకొద్దీ ఫలితం తగ్గుతుందన్నది వారి వివరణ. “మీ గొంతు అమృతం” అన్న పొగడ్తా, “మీకు గొంతు లేదు” అన్న తెగడ్తా ఈ లెక్కన ఒకే కోవలోకి వస్తాయి.

శ్రోతకు అభిప్రాయం చెప్పే భారం ఇవ్వకుండా పని అప్పగించడం మేలు. ఒకసారి విన్నాక కథను తిరిగి చెప్పమనవచ్చు. ధ్యాస తప్పిన నిమిషం, సెకను గుర్తుపెట్టమనవచ్చు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లాగా సంభాషణలే నడిపించే రచనల్లో, మధ్యలో ఆపి “ఈ మాట ఎవరిది?” అని అడగవచ్చు. కొన్ని వాక్యాల చివరి మాటలను రాయమనవచ్చు. అనుమానం ఉన్న క్రియలన్నీ అప్పుడు బయటపడతాయి. ఒకే పేరాను రెండు రకాలుగా చదివి, ఏది ముందు రికార్డు చేసినదో చెప్పకుండా, తేడా ఏమిటని అడగవచ్చు. వేర్వేరు ప్రాంతాల ముగ్గురు ఒకే చోట తడబడితే తప్పు పఠనానిది. ఒక్కరే తడబడితే ఆలోచించి వదిలెయ్యవచ్చు.

గొంతు నాణ్యతను కొలవడానికి వైద్యులు వాడే పద్ధతి ఒకటుంది. జపాన్‌కు చెందిన హిరానో 1981లో తన గ్రంథం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో మొత్తం తీవ్రత, గరుకుదనం, గాలి కలవడం, బలహీనత, బిగింపు అన్న ఐదు అంశాలకు 0 నుంచి 3 వరకు అంకెలు వేస్తారు. ఇంత స్పష్టమైన పట్టీ ఉన్నా, శిక్షణ పొందిన చెవులే ఒకే గొంతుకు వేర్వేరు అంకెలు వేస్తాయనీ, ప్రతి శ్రోత మనసులోనూ సొంత కొలబద్ద ఉంటుందనీ క్రైమన్, ఆమె సహచరులు 1993లో వివరించారు. పోల్చుకోవడానికి ముందుగా ఒక నమూనా వినిపిస్తే ఈ తేడా తగ్గుతుంది. కథాపఠనానికీ ఇదే వర్తిస్తుంది: “ఇది బాగుందా?” అనేకన్నా, పేరున్న రేడియో కళాకారుడి పఠనం ఒక నిమిషం వినిపించి “దీనితో పోలిస్తే ఎక్కడ తేడా?” అనడం ఎక్కువ ఉపయోగం. బొంగురు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం అడగవలసింది శ్రోతలను కాదు, చెవి ముక్కు గొంతు వైద్యుణ్ణి.

పత్రికలు చేయవలసిన పని

పుస్తకాలను సమీక్షించే తెలుగు పత్రికలు శ్రవ్య పఠనాలను ప్రకటిస్తాయి, అరుదుగా తప్ప సమీక్షించవు. పఠనం కూడా ఒక వ్యాఖ్యానమే కనుక ఈ మౌనం సాహిత్య విమర్శలో ఒక ఖాళీ. లిపి రాని పిల్లలకు గురజాడ అన్నా శ్రీపాద అన్నా వారు విన్న ఆ ఒక్క గొంతే. ఆ గొంతు ‘దిద్దుబాటు’ను కన్నీటి కథ చేస్తే, సరిచూసుకోవడానికి వారి దగ్గర పుస్తకం ఉన్నా లేనట్టే. ఫలానా నిమిషంలో ఫలానా వాక్యం ఇలా పలికింది, కథ కోరేది ఇది అని చూపించే అరపేజీ సమీక్ష వంద మెచ్చుకోళ్ళకన్నా చదివినవారికి పనికొస్తుంది. పుస్తక సమీక్షల పక్కనే దానికి చోటివ్వడానికి కొత్త శీర్షిక కూడా అక్కరలేదు.