కాపలా కాసే రొద

గుండెలో అమర్చే పేస్‌మేకర్లు, డీఫిబ్రిలేటర్లలో చాలావాటికి రేడియో ఉంటుంది. ఆసుపత్రిలోని ప్రోగ్రామర్ యంత్రం అడిగితే రోగి వివరాలూ గుండె లయ రికార్డూ గాలిలోనే పంపుతాయి, ఆదేశాలూ గాలిలోనే అందుకుంటాయి. వాటిని బయటివాళ్ళు వినగలరనీ, తప్పుడు ఆదేశాలు ఇవ్వగలరనీ 2008లో అమెరికా పరిశోధకులు ఒక డీఫిబ్రిలేటర్ మీద చేసి చూపించారు.

సందేశాన్ని సంకేతలిపిలో దాచితే చాలదా? అనంతపురం వైపు చూస్తే చిక్కు తెలుస్తుంది. 1991లో మొదలైన పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనో బెంగళూరులోనో గుండె వైద్యం చేయించుకున్న మనిషి కల్యాణదుర్గం దగ్గరి పల్లెలో కుప్పకూలితే, మోసుకెళ్ళేది అందుబాటులో ఉన్న ఆసుపత్రికే. సంకేతపు తాళంచెవి ఆపరేషన్ చేసిన చోటే ఉండిపోతే ఇక్కడి డాక్టరు పరికరంతో మాట్లాడలేడు. పైగా ఇప్పటికే ఒంట్లో ఉన్నదాన్ని మార్చాలంటే మళ్ళీ కోత.

మద్రాసు ఐఐటీలో చదివి ఎంఐటీకి వెళ్ళిన శ్యామ్‌నాథ్ గొల్లకోట, అక్కడి పరిశోధకురాలు దీనా కతాబీల బృందం 2011లో వేరే దారి పట్టింది. పరికరం జోలికి పోకుండా, ఒంటి మీద ధరించేందుకు ఉద్దేశించిన ‘షీల్డ్’ అనే రేడియో నమూనాను తయారుచేసింది. పరికరం పలికినప్పుడల్లా షీల్డ్ అదే ఫ్రీక్వెన్సీలో యాదృచ్ఛికమైన రొద వదులుతుంది. దీనికి రెండు ఏంటెన్నాలు. మొదటిది రొద చేస్తుంది. రెండోది వింటూనే, ఆ రొదకు సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తన దగ్గర కలుపుకుంటుంది. రొద అక్కడ మాత్రమే కొట్టుకుపోయి సందేశం మిగులుతుంది. దాన్ని షీల్డ్ సంకేతలిపిలోకి మార్చి డాక్టరు యంత్రానికి చేరుస్తుంది. 20 సెంటీమీటర్ల దూరంలో పొంచి ఉన్నవాడికి సైతం దాదాపు సగం బిట్లు తప్పే వచ్చాయి. సున్నా, ఒకట్లను బొమ్మా బొరుసూ వేసి ఊహించినా అంతే ఫలితం. అనధికార ఆదేశం వస్తే షీల్డ్ దాన్నీ రొదతో చెడగొడుతుంది. అత్యవసరంలో షీల్డ్‌ను తీసి పక్కన పెడితే చాలు, ఏ ఊరి డాక్టరైనా పరికరాన్ని పలకరించవచ్చు. ఈ పద్ధతిలో అసలు తెలివి ఇక్కడుంది.

అయితే ఇది అభేద్యం కాదు. రెండు ఏంటెన్నాలతో విని, వాటికి అందినవాటిని పోల్చి లెక్కగడితే రొద నుంచి సందేశాన్ని విడదీయవచ్చని 2013లో జ్యూరిక్ పరిశోధకులు నిరూపించారు. రొదా సందేశమూ ఒకే బిందువు నుంచి పుట్టవు గనక ఆ సందు ఉంటుంది. అందుకే రొదను సంకేతలిపికి తోడుగా చూడటమే మేలు, బదులుగా కాదు. ఇక మన దేశంలో ఇలా రొదతో రేడియో సంకేతాలను అడ్డుకునే జామర్‌ను ప్రైవేటు వ్యక్తులు వాడటం నిషిద్ధం. ఇలాంటి షీల్డ్ రోగి మెడలోకి రావాలంటే ముందు ఆ నిబంధనలో దానికంటూ ఒక మినహాయింపు కావాలి.