మూడో బటన్

"ఇవాళ శనివారం, సగం మంది ఊళ్లకెళ్లిపోతారు. బియ్యం తగ్గించరా!" హాస్టల్ మెస్‌లో వంటమాస్టారి నోటిలెక్క ఇది. రాజమండ్రి వైపు మెస్ యాప్ చేద్దామనుకునే కుర్రాళ్లు మొదట కూర్చోవాల్సింది ఆయన దగ్గరే.

పనితనం హంగుల్లో ఉండదు. రాత్రే "తింటాను", "తినను" అని రెండు బటన్లు. తెల్లారేసరికి తినేవాళ్ల అంకె మాస్టారి ఫోన్‌లో, తెలుగులో, కళ్లజోడు లేకపోయినా కనబడేంత పెద్దగా. గోంగూర రోజు పెరుగుతుంది, ఉప్మా రోజు తరుగుతుంది.

నాకు ముచ్చటేసేది మూడో బటన్: "ల్యాబ్‌లో ఉన్నా, ప్లేటు ఉంచండి." లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళకాని వేళ వచ్చినవాళ్లకీ వండి వడ్డించారు. బడి భోజనానికి 2024లో ప్రభుత్వం ఆమె పేరే పెట్టింది. ఆ మర్యాదని ఒక్క బటన్లో ఇమిడ్చినవాడు పనిమంతుడే.