ఆట, టిక్కెట్టు, జనం

2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ నగరంలోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో సండర్లాండ్‌తో ఫుట్‌బాల్ మ్యాచి జరుగుతున్నది. సొంత జట్టు రెండు గోల్స్ ముందున్నది. ఆట 77వ నిమిషానికి రాగానే సుమారు 10,000 మంది ప్రేక్షకులు లేచి బయటికి నడిచారు. కొత్తగా కడుతున్న స్టాండులో అన్నిటికంటె ఖరీదైన సీటు 77 పౌన్లు వుంటుందని క్లబ్బు ప్రకటించింది. ఆ అంకెకు జవాబుగానే వాళ్లు ఆ నిమిషాన్ని ఎంచుకున్నారు. వాళ్లు వెళ్లిన తరువాత సండర్లాండ్ రెండు గోల్స్ చేసి ఆటను సమం చేసింది. నాలుగు రోజులకు యజమానులు క్షమాపణ చెప్పి పెంపుదలను ఉపసంహరించుకున్నారు. పై ధర 59 పౌన్ల దగ్గరే ఆగింది.

దీన్ని వినియోగదారుల విజయంగా వర్ణించినవాళ్లు వున్నారు. ఆ వర్ణన సరైనదేనా? సరుకు ఖరీదైతే కొనేవాడు మరో దుకాణానికి వెళతాడు. లివర్‌పూల్ అభిమాని అదే వూళ్లో వున్న ఎవర్టన్ మైదానానికి వెళ్లడు. వెళితే అతను లివర్‌పూల్ అభిమానే కాడు. ఇంకొక సంగతి: కొనేవాడు వెళ్లిపోయినంత మాత్రాన దుకాణంలో మిగిలిన సరుకు చెడిపోదు. ఇక్కడ చెడిపోయింది. టెలివిజన్ తెరమీద ఖాళీ సీట్లు కనిపించాయి, పాట పలచబడింది. అంటే వెళ్లిపోయినవాళ్లు సరుకు కొనేవాళ్లు మాత్రమే కాదు, దాన్ని తయారుచేసేవాళ్లలో భాగస్థులు కూడా. టిక్కెట్టు ధరల గురించి జరిగే చర్చలన్నిటిలో మరుగున పడుతున్న సత్యం ఇదే.

ముందు యాజమాన్యాల వాదనను దాని పూర్తి బలంతో చూద్దాం. సీట్లు పరిమితం, కోరేవాళ్లు ఎక్కువ. ధర పది శాతం పెంచినంత మాత్రాన వచ్చేవాళ్లు పది శాతం తగ్గరు. కాబట్టి మ్యాచిరోజు రాబడి పెరుగుతుంది. ఆ రాబడితోనే మంచి ఆటగాళ్లు వస్తారు, కొత్త స్టాండులు లేస్తాయి. లెక్క ప్రకారం ఇందులో తప్పు లేదు. క్లబ్బులు పిండగలిగినంతా పిండడం లేదనీ, ఇంకా పెంచినా రాబడి తగ్గదనీ క్రీడల ఆర్థికశాస్త్రజ్ఞులు అనేకమంది తేల్చారు. లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బు 2006లో 38,000 మంది పట్టే హైబరీని వదిలి 60,000 మంది పట్టే ఎమిరేట్స్‌కు మారింది. సీట్లు పెరిగింది సుమారు 58 శాతం. మ్యాచిరోజు రాబడి మాత్రం సుమారు 4 కోట్ల 40 లక్షల పౌన్ల నుంచి ఒక్క ఏడాదిలో 9 కోట్లు దాటింది. అంటే రెట్టింపుకు మించింది. ఈ తేడాకు ప్రధాన కారణం మధ్య అంతస్తులోని సుమారు 7,000 ఖరీదైన సీట్లు, కంపెనీలు అద్దెకు తీసుకునే 150 ప్రత్యేక గదులు.

అయితే ఈ లెక్క సీట్లన్నీ నిండే చోటే నడుస్తుంది. బ్రాడ్‌ఫర్డ్ సిటీ క్లబ్బును చూడండి. 25,000 మంది పట్టే మైదానం. కింది డివిజన్లలో ఆట. అక్కడ ధర పెంచితే ఖాళీ సీట్లే పెరుగుతాయి. ఆ క్లబ్బు 2015-16లో ఏడాది పొడుగునా చూడగల టిక్కెట్టును 149 పౌన్లకు ఇచ్చింది. మూడో డివిజన్‌లో ఆడుతూ కూడా సగటున 18,000 మందిని రప్పించుకుంది. ధర పెంచడం ప్రకృతి నియమమేమీ కాదనీ, ఒక పరిస్థితిలో చేసుకునే ఎంపిక మాత్రమేననీ దీన్నిబట్టి తెలుస్తుంది.

సరే, నిండే మైదానాల సంగతే తీసుకుందాం. సీటు నిండింది. ఎవరితో నిండింది? హాజరు పట్టికలో ఈ ప్రశ్నకు చోటు లేదు. తండ్రి కొడుకును తీసుకువచ్చే సీటులో ఒక పర్యాటకుడు కూర్చున్నా, కంపెనీ అతిథి కూర్చున్నా పట్టికలో అంకె మారదు. రాబడి అంకె మాత్రం పెరుగుతుంది. ఈ మార్పు దానంతటదే వచ్చింది కాదు. ఇంగ్లండు క్లబ్బులు మొదటినుంచీ టిక్కెట్టు అమ్మినవే. 1890లోనే లీగు కనీస ప్రవేశ రుసుము ఆరు పెన్నీలని నిర్ణయించింది. కాని లాభాపేక్షకు కొన్ని కంచెలు వుండేవి. వాటాదారులకిచ్చే డివిడెండుకు ఫుట్‌బాల్ అసోసియేషన్ పరిమితి పెట్టింది. గేటు వసూళ్లలో కొంత అతిథి జట్టుకు ఇవ్వవలసి వుండేది. 1983లో ఈ రెండు కంచెలూ విరిగాయి. ఆ యేడు టాటెన్‌హామ్ క్లబ్బు మాతృ కంపెనీని స్థాపించి, దాన్ని షేర్ మార్కెట్‌కు ఎక్కించి డివిడెండు నియమాన్ని తప్పించుకుంది. ఆ యేడే గేటు వసూళ్ల పంపిణీ ఆగిపోయి, మొత్తం సొంత మైదానం వాళ్లదే అయింది.

పాత రోజులు బంగారు రోజులని నేను అనడం లేదు. ఆ చవక మెట్లమీదే జనాన్ని పశువుల్లా కంచెల మధ్య బిగించారు. 1985లో బ్రాడ్‌ఫర్డ్ మైదానంలో చెక్క స్టాండు తగలబడి 56 మంది మరణించారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిడి 97 మంది ప్రాణాలు తీసింది. 1990లో విచారణ నివేదిక ఇచ్చిన జస్టిస్ టేలర్, అందరికీ సీట్లు వుండాలన్నాడు. అదే నివేదికలో, నిలబడి చూసేవాళ్లు భరించగల ధరకే చవక సీట్లు ఇవ్వవచ్చునని కూడా అన్నాడు. గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో సీటు 6 పౌన్లు, నిలబడే చోటు 4 పౌన్లని ఉదాహరణ చూపాడు. క్లబ్బులు మొదటి సలహా పాటించాయి, రెండోదాన్ని మరిచాయి. చచ్చిపోయినవాళ్ల పేరుతో కట్టిన సీట్లలో వాళ్ల పిల్లలు కూర్చోలేని స్థితి వచ్చింది.

ఈ మలుపును లోపలినుంచి చూసిన రచయిత నిక్ హార్న్‌బీ. ఆయన 1992లో ప్రచురించిన 'ఫీవర్ పిచ్' ఆర్సెనల్ అభిమానిగా ఆయన ఆత్మకథ. మెట్లమీద నిలబడి అరిచే జనం క్లబ్బుకు ఆటగాళ్లంత ముఖ్యులనీ, వాళ్లు లేకపోతే ఖరీదైన గదులు కొనడానికి ఎవరూ ముందుకు రారనీ ఆయన గ్రహించాడు. ఇది గొప్ప గ్రహింపు. కాని హార్న్‌బీ అక్కడే ఆగిపోయాడు. ఆ కోలాహలాన్ని ఆయన 'వాతావరణం' అన్నాడు. గాలీ ఎండా లాగా దానంతటదే వుండేదాన్ని వాతావరణమంటాం. వారమంతా పనిచేసి, రైలు ఛార్జీ పెట్టుకొని, వానలో తడిసి, గొంతు బొంగురుపోయేదాకా మనుషులు పాడితే పుట్టేదాన్ని శ్రమ అనాలి. ఆ శ్రమకు కూలి ఇవ్వడం లేదు సరికదా, శ్రమ చేసేందుకు ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు. మధ్యతరగతి మేధావి కంటికి జనం కనిపించారుగాని వాళ్లు చేసే పని కనిపించలేదు. ఆ పుస్తకానికున్న పరిమితి అదే.

ఇది అతిశయోక్తి అనుకునేవాళ్లు క్లబ్బుల ప్రవర్తనే చూడవచ్చు. 2016 మార్చిలో ప్రీమియర్ లీగు క్లబ్బులు, బయటి ఊళ్లనుంచి వచ్చే అభిమానుల టిక్కెట్టు 30 పౌన్లు దాటకూడదని ఒప్పుకున్నాయి. మ్యాచిలో సందడికి వాళ్లు అవసరమని లీగే చెప్పింది. 2020లో మహమ్మారివల్ల ఖాళీ మైదానాల్లో ఆడవలసి వచ్చినప్పుడు, ప్రసార సంస్థ ఒక కంప్యూటర్ ఆటనుంచి తీసిన జనం అరుపుల్ని మ్యాచికి జతచేసింది. జనం లేని ఆట అమ్ముడుపోదని భయపడ్డవాళ్లు తప్ప ఇంకెవరు ఈ పని చేస్తారు?

మరి ధరలు పెంచకపోతే క్లబ్బు బతకదా? ఆన్‌ఫీల్డ్ సంఘటనకు సరిగ్గా ఏడాది ముందు, 2015 ఫిబ్రవరిలో, మూడు సీజన్ల ప్రసార హక్కులు ఒక్క బ్రిటన్‌లోనే 513 కోట్ల పౌన్లకు అమ్ముడయ్యాయి. అంత డబ్బు వస్తున్నప్పుడే సీటుమీద మరో 18 పౌన్లు కావలసి వచ్చాయి. జర్మనీలోని బేయర్న్ మ్యూనిక్ అధ్యక్షుడుగా వుండగా ఊలీ హోనెస్ ఇదే లెక్క తిరగేసి చెప్పాడు: 100 పౌన్ల చిల్లరకు ఇస్తున్న చవక సీజను టిక్కెట్టును 300 చేస్తే తమకు మహా అయితే 20 లక్షలు వస్తాయి; ఆటగాణ్ణి కొనే బేరంలో ఆ మొత్తంమీద వాదన ఐదు నిమిషాల్లో ముగుస్తుంది; అభిమానికి మాత్రం ఆ తేడా భరించరానిది. హోనెస్ సోషలిస్టు కాడు. 2014లో పన్ను ఎగవేతకు జైలుశిక్ష పడ్డవాడు. కాని ఆ దేశంలో సాధారణంగా క్లబ్బు ఓట్లలో మెజారిటీ సభ్యుల సంఘానిదే. ఆయన మంచితనంకంటె ఆ నియమమే ముఖ్యం.

మన మిత్రుల్లో కొందరు అనవచ్చు: 'ఆట జనానికి పోసే మత్తుమందు. దాని ధర తగ్గితేనేం, పెరిగితేనేం?' ఈ మాటలో విప్లవం కంటె ఈసడింపు ఎక్కువ. ఇంగ్లండులో కార్మికులు శనివారం మధ్యాహ్నపు సెలవు సాధించుకున్న తరువాతే ఫుట్‌బాల్ వాళ్ల ఆటగా పెరిగింది. పోరాడి సంపాదించుకున్న తీరికలో వాళ్లు కట్టుకున్న సంస్కృతి అది. దాన్ని వాళ్లచేతిలోనుంచి లాక్కొని, కంచె కట్టి, తిరిగి వాళ్లకే అమ్మడం మనకు పట్టనవసరం లేదంటే, ఊరుమ్మడి భూమికి కంచె కట్టినా మనకు పట్టనవసరం లేదు.

హైదరాబాదులోనో విశాఖలోనో హాస్టలు గదిలో అర్ధరాత్రి లివర్‌పూల్ ఆట చూసే మన విద్యార్థి కూడా ఈ కథకు బయటివాడు కాడు. 2022 నుంచి 2025 వరకు ప్రీమియర్ లీగుకు విదేశీ ప్రసారాల రాబడే స్వదేశీ ప్రసారాల రాబడిని మించింది. ఆ చందాలో మన చందా కూడా వుంది. ఆటతోపాటు అతను కొనుక్కున్నది ఆన్‌ఫీల్డ్ జనం పాటను. ఆ పాట పాడేవాడు గేటు దగ్గర 77 పౌన్లు చెల్లించలేక వెనుదిరిగితే, రాబడి పట్టికలో ఆ లోటు కనిపించదు. హాస్టలు గదిలో మాత్రం వినిపిస్తుంది. ఆన్‌ఫీల్డ్ జనం 77వ నిమిషంలో లేచి చూపించింది ఆ లోటునే. వాళ్లది బేరమాడే కొనుగోలుదారు చేసే పని కాదు. ఉత్పత్తి చేసేవాళ్లు చేసే సమ్మె.