కాశీయాత్ర చరిత్ర: ఒక యాత్రారచనను విలువ కట్టడం

విద్యార్థులారా! యాత్రారచన గురించి ప్రశ్న వస్తే చాలామంది రచయిత చూసిన కొండలు, కోటలు, గుళ్లు, నగరాలు వరుసగా రాసి ముగిస్తారు. అది విషయసంగ్రహం మాత్రమే. ఎవరు చూశారు, ఎవరి కోసం రాశారు, ఏది వదిలేశారు అని అడిగితే విమర్శ మొదలవుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'ను ఈ ప్రశ్నలతో పరిశీలిద్దాం.

వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ. 1830 మే 18న పరివారంతో బయలుదేరి తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరారు. గయ, కలకత్తా చూసుకొని, తూర్పుతీరం వెంట నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగివచ్చారు. దారిలో మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె గారికి రాసి పంపిన సంగతులే ఈ గ్రంథం. రచయిత మరణానంతరం 1838లో ఇది అచ్చయింది.

ఉత్తరాలుగా పుట్టడమే ఈ రచనకు బలం. మన ప్రబంధాల్లో పురవర్ణన, పర్వతవర్ణన తప్పనిసరి. అక్కడ కొండ ఏదైనా అలంకారాలు దాదాపు ఒకటే. వీరాస్వామయ్య గారికి నల్లమల అంటే ఎక్కవలసిన దారి, దొరకవలసిన నీళ్లు. హైదరాబాదు అంటే వీధులు, బజార్లు, పాలన తీరు. వెనక వచ్చే యాత్రికుడికి పనికిరావాలన్న ఆలోచనే ఏది రాయాలో తేల్చింది. భాషనూ అదే తేల్చింది. గిడుగు వారి వ్యావహారిక భాషోద్యమానికి దాదాపు ఎనభై ఏళ్ల ముందే ఉర్దూ, తమిళ, ఇంగ్లీషు మాటలు కలిసిన వాడుక తెలుగు ఈ వచనంలోకి వచ్చింది. దాన్ని వ్యాకరణ దోషంగా లెక్కించడం తగదు.

అయితే పరిమితులూ గమనించండి. రచయిత కంపెనీ కాలపు ఉద్యోగి. ఇంగ్లీషువారి పాలన మీద ఆయనకు మొగ్గు ఉంది. కనుక దేశీయ సంస్థానాల గురించిన ఆయన తీర్పులను ఆచితూచి తీసుకోవాలి. ఆయన ప్రయాణించింది మేనాలో. దాన్ని మోసిన బోయీలు రచనలో కనిపిస్తారు; ఆ కొండదారి వారి భుజాలకు ఎలా తోచిందో వారి మాటల్లో మనకు అందదు. ఈ లోటు వల్ల గ్రంథం విలువ తగ్గదు; దాన్ని ఎంతవరకు సాక్ష్యంగా నమ్మవచ్చో తెలుస్తుంది.

ఇప్పుడు మీ వంతు. మీరు చిట్టమూరు ప్రాంతం వారైతే మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరాలయానికో, వీలుంటే కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గానికో వెళ్లిరండి. తెలిసినవారికి ఉత్తరం రాస్తున్నట్టు రెండు పుటలు రాయండి. దారి, నీడ, ఖర్చు, అక్కడ పనిచేసేవారి మాటలు అందులో ఉండాలి. తరువాత పై మూడు ప్రశ్నలనూ మీ రచననే అడగండి. వీరాస్వామయ్య గారు సాధించింది ఎంతో, వదిలేసింది ఏమిటో అప్పుడు మీకే తేటపడుతుంది.